టెక్ సందేహాలు: యాంటీవైరస్ ఆపమని అడిగే గేమ్‌ను నమ్మవద్దు

ప్రశ్న: అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్నాను. రోల్ ప్లేయింగ్ గేములంటే ఇష్టం, కానీ అందరూ చెప్పే పెద్ద గేములు నా 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో నడవవు. అంతగా పేరులేని మంచి గేములను ఎలా వెతుక్కోవాలి? ఒక సైట్‌లో అలాంటిది ఉచితంగా దొరికింది. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమని అందులో రాసి ఉంది. ఆపవచ్చా?

జవాబు: ఆపవద్దు. ఆ ఫైల్‌ను తెరవకుండానే తొలగించండి. ఇదే ప్రశ్న మాటలు మార్చుకుని నాకు పదేపదే వస్తోంది. రాసేవారిలో చాలామంది అప్పటికే ఫైల్‌ను తెరిచి, ఆ తరువాత అడుగుతున్నారు కనుక ముందుగా ఈ సంగతే వివరంగా చెప్పాలి.

పేరున్న గేమ్ అయితే దాన్ని ఎవరు తయారు చేశారో, ఎక్కడ అమ్ముతారో, ఎన్ని జీబీలు ఉంటుందో పక్క గదిలోని స్నేహితుడిని అడిగినా చెబుతాడు. ఎవరికీ తెలియని గేమ్‌కు ఆ సౌకర్యం లేదు. అసలుది ఎలా ఉంటుందో తెలియనప్పుడు నకిలీని గుర్తుపట్టడం కష్టం కాబట్టి మోసగాళ్లకు ఇలాంటి గేములే అనువైన ముసుగు. దీనికి తోడు మరొక చిక్కు ఉంది. చిన్న స్టూడియోలు చాలావరకు తమ ప్రోగ్రాములకు డిజిటల్ సంతకం, అంటే తయారీదారు ఎవరో కంప్యూటర్‌కు రుజువు చేసే ముద్ర, కొనుక్కోలేవు. అందువల్ల నిజాయితీగా తయారైన గేమ్‌ను తెరిచినా, తయారీదారు ఎవరో తెలియదంటూ విండోస్‌లోనే ఉండే రక్షణ ఏర్పాటు స్మార్ట్‌స్క్రీన్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను నాలుగుసార్లు దాటేసిన మనిషి ఐదోసారి యాంటీవైరస్ ఏకంగా ఒక మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్) పేరు చెప్పి ఆపినా, అదీ అలాంటిదేనని అనుకుంటాడు. మొదటిది పరిచయం లేదని చెప్పడం, రెండోది దొంగ అని చెప్పడం. ఈ తేడాను సామాన్యుడికి అర్థమయ్యేలా చూపించని డిజైన్‌ను నేను సమర్థించలేను. అయినా ఎవరో అడిగారని రక్షణను తన చేతులతో తానే ఆపేసే వినియోగదారుడిది ఇంకా పెద్ద తప్పు.

పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్ ఇచ్చి, ఆ పాస్‌వర్డ్‌ను పక్కనే రాసి ఉంచారంటే కారణం ఒకటే కావచ్చు: తెరిచే వరకు లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు. ఇలా వచ్చే వాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేవి ఇన్‌ఫోస్టీలర్లు, అంటే సమాచారాన్ని దొంగిలించే ప్రోగ్రాములు. ఇవి కంప్యూటర్‌ను పాడుచేయవు, గేమ్ కూడా చక్కగా నడవవచ్చు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లతోపాటు, మీరు లాగిన్ అయి ఉన్నారనడానికి గుర్తుగా బ్రౌజర్ ఉంచుకునే సెషన్ కుకీలను కూడా నిమిషాల్లో బయటికి పంపిస్తాయి. ఆ కుకీ చేతికి చిక్కినవాడు చాలా ఖాతాలలోకి ఓటీపీ అవసరం లేకుండానే ప్రవేశిస్తాడు. ఉద్యోగ దరఖాస్తులు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, బ్యాంకు సమాచారం ఒకే ఈమెయిల్‌లో ఉంచుకునే విద్యార్థికి ఇది ఎంత నష్టమో ఊహించండి.

ఇప్పటికే అలాంటి ఫైల్ తెరిచినవారు ముందు ఇంటర్నెట్ ఆపి, వేరే పరికరం నుంచి ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ అయ్యే ఆప్షన్ వాడాలి. మిగతా ఖాతాలకూ అలాగే చేసి, ల్యాప్‌టాప్‌లో విండోస్‌ను మొదటినుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. డబ్బు పోయివుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. హాస్టల్ గదుల్లో చేతులు మారే, గేములు నింపిన హార్డ్‌డిస్క్‌లకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పెద్ద దుకాణమైనా పూర్తి భరోసా కాదు. 2025 ఫిబ్రవరిలో ఒక ప్రముఖ ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో ఉంచిన ఉచిత గేమ్‌లోనే మాల్వేర్ బయటపడి, దాన్ని తొలగించారు. నిన్న మొన్న వచ్చిన, సమీక్షలు లేని ఉచిత గేమ్‌ను కొన్ని నెలలు ఆగి చూడటం మంచిది.

ఇక వెతకడం గురించి. దుకాణాల మొదటి పేజీ అప్పటికే అమ్ముడవుతున్న వాటినే మళ్లీ చూపిస్తుంది కనుక దాన్ని పక్కన పెట్టి, మీకు నచ్చిన గేమ్‌ను తయారు చేసిన మనుషుల వెంట వెళ్లండి. 1997 నాటి పేరున్న రోల్ ప్లేయింగ్ గేమ్ ఫాల్అవుట్ వెనుక ఉన్న టిమ్ కెయిన్, లెనార్డ్ బోయార్‌స్కీ, జేసన్ ఆండర్సన్ బయటికి వచ్చి ట్రోయికా అనే చిన్న సంస్థ పెట్టి, 2001లో ఆర్కేనమ్ అనే గేమ్ తెచ్చారు. ఆవిరి యంత్రాలు, మంత్రవిద్య ఒకదానికొకటి పొసగని ఆ లోకాన్ని పెద్ద గేమ్ పేరు మాత్రమే తెలిసినవారు ఎప్పటికీ చేరుకోలేరు. సమీక్షలు చదివేటప్పుడు కూడా పొగడ్తలను వదిలి, అరవై గంటలు ఆడి కూడా అసంతృప్తి చెందినవారు రాసింది చదవండి. వారు తప్పుగా ఎంచినదే కొన్నిసార్లు మీకు కావలసినది అవుతుంది.

మీ ల్యాప్‌టాప్‌కు భారం కానివి చాలా ఉన్నాయి. జెఫ్ వోగెల్ 1994లో స్థాపించిన స్పైడర్‌వెబ్ సాఫ్ట్‌వేర్ నుంచి 2001లో వచ్చిన జీన్‌ఫోర్జ్‌లో మీరు జీవులను సృష్టించి, వాటి యజమానిగా ఉంటారు. ఆ జీవులకు తమ బతుకుపై హక్కు ఉందా అన్నదే కథకు ప్రాణం. 2021లో దాన్ని కొత్తగా మళ్లీ తయారు చేశారు. సెర్బియా నుంచి వచ్చిన అండర్‌రైల్‌లో చంపినందుకు కాకుండా, వింత వస్తువులను వెతికి చూసినందుకు మీ పాత్రకు అనుభవ పాయింట్లు వచ్చే పద్ధతిని ఎంచుకోవచ్చు. దానివల్ల ప్రతి మూలా వెతకాలనిపిస్తుంది. ఈ ఒక్క మార్పు పెద్ద బడ్జెట్ గేములకు ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 2022లో వచ్చిన రోడ్‌వార్డెన్ దాదాపు మొత్తం చదువుకునే గేమ్. అడవి దారిలో ఎవరిని ఏమి అడగాలో కొన్నిచోట్ల మీరే టైప్ చేయాలి.

ఇంత తేలికైన గేములను కూడా కొన్ని చోట్ల ఒక లాంచర్ (గేమ్‌ను తెరవడానికి ముందు నడపాల్సిన ప్రోగ్రామ్), దానిపై మరో లాంచర్, ఒంటరిగా ఆడే ఆటకు లాగిన్, ఇంటర్నెట్ తప్పనిసరి అనే షరతులతో అమ్మడం కొన్నవారిని అవమానించడమే. హాస్టల్ వైఫై పడిపోయిన రాత్రి కొన్న గేమ్ తెరుచుకోకపోతే ఆ డబ్బు దేనికి ఇచ్చినట్టు? వీలైతే డీఆర్ఎం (కొన్నవారి వాడకాన్ని కట్టడి చేసే తాళం) లేకుండా ఇన్‌స్టాలర్‌నే ఇచ్చే గాగ్ (GOG) అనే ఆన్‌లైన్ దుకాణం లాంటి చోట కొని, ఆ ఫైల్‌ను మీ దగ్గర భద్రపరచుకోండి.

ఈ గేములు మొదటి గంటలో మనసు గెలుచుకోవు. అక్షరాలు చిన్నవిగా ఉంటాయి, నియమాలు ఎవరూ చెప్పరు. ది ఏజ్ ఆఫ్ డెకడెన్స్ అనే గేమ్‌లో నైపుణ్యాల పాయింట్లన్నిటినీ తలా కొంచెం పంచి, కత్తి పట్టి చచ్చిపోయి, గేమ్ బాగోలేదని రాసినవారు ఎందరో. మాటకారి వ్యాపారిగా మొదలుపెట్టి, పాయింట్లను మాట నేర్పుపైనే పెడితే పోరాటం లేకుండానే చాలాదూరం సాగవచ్చు. కేవ్స్ ఆఫ్ కుడ్ అనే మరో గేమ్‌లో చనిపోతే అంతా మొదటికి వచ్చే క్లాసిక్ పద్ధతికి బదులు, ఊళ్లలో సేవ్ అయ్యే రోల్‌ప్లే పద్ధతిని ఎంచుకోండి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని, ఎవరు ఏమన్నారో తెలుగులోనే రాసుకోండి. పరీక్షల వల్ల రెండు వారాలు ఆట ఆగినా కథ ఎక్కడ ఆగిందో వెతుక్కోనక్కర్లేదు.

మీకైతే జీన్‌ఫోర్జ్‌తో మొదలుపెట్టమని చెబుతాను. ముందుగా దాని డెమో ఆడి చూడండి.