కొత్త బాయిలర్ ఆర్డర్ మీద సంతకం పెట్టే ముందు

అమ్మా,

కంపెనీ పగ్గాలు నీ చేతికొచ్చాయి, బోర్డేమో 2050కల్లా నెట్ జీరో, అంటే వదిలే కార్బన్‌ని బాగా తగ్గించి, మిగిలినంతా గాల్లోంచి తీసేసి లెక్క సున్నా చేస్తామని ప్రకటించేసింది, ఎక్కడ మొదలుపెట్టాలి బాబాయ్ అని అడిగావు. వయసంతా ఫ్యాక్టరీల్లోనే గడిపినవాణ్ణి, సూటిగా చెప్తాను. 2050 సంగతి కాసేపు పక్కన పెట్టు. ఈ రెండేళ్లలో మీ కంపెనీ ఏయే మెషీన్లు కొనబోతోందో ఆ లిస్టు తెప్పించుకో.

బాయిలర్‌ని సరిగ్గా చూసుకుంటే పాతికేళ్లు పనిచేస్తుంది. ఇప్పుడు బొగ్గుదో గ్యాస్‌దో కొన్నావంటే అది 2050లో కూడా మండుతూనే ఉంటుంది, లేదా మధ్యలోనే తుక్కు కింద అమ్ముకోవాలి. అంటే నీ అసలు గడువు పాతది మార్చే రోజే. ఆ రోజు చెప్పి రాదు కూడా. బాయిలర్ ఉన్నట్టుండి మూలన పడితే, ప్రొడక్షన్ ఆగిపోయిందన్న టెన్షన్‌లో ప్లాంట్ మేనేజర్ అలాంటిదే ఇంకోటి తెప్పించేస్తాడు, అతన్ని తప్పు పట్టలేం, ఆ టైమ్‌లో ఎవరైనా అదే చేస్తారు. అందుకే బాయిలర్లు, ఫర్నేసులు, చల్లబరిచే చిల్లర్ మెషీన్లు, లారీలు అన్నిటికీ ఒక రిజిస్టర్ రాయించు. ఏది ఏ ఏడాది మార్చాలి, దాని చోట ఏం పెట్టాలి అన్నది ఇప్పుడే తేల్చెయ్. వేడినీళ్లకీ, ఆరబెట్టడానికీ, అంటే వంద డిగ్రీల లోపు వేడి చాలిన పనులన్నిటికీ హీట్ పంపు పెట్టుకోవచ్చు, ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. కాకపోతే మీకున్న కరెంటు కనెక్షన్ ఆ లోడుకి సరిపోతుందో లేదో ముందే కనుక్కో, అదనపు లోడు మంజూరు కావడానికి మెషీన్ రావడం కన్నా ఎక్కువ కాలం పట్టొచ్చు.

ఈలోగా బోర్డు అనుమతి అక్కర్లేని పనులున్నాయి. పంపులు, ఫ్యాన్లు ఫుల్ స్పీడులో తిరుగుతుంటే నీళ్లనీ గాలినీ వాల్వులతో అడ్డుకోవడం చాలా చోట్ల జరుగుతుంది. స్పీడు తగ్గించే డ్రైవ్ పెట్టించు. వేగం 20 శాతం తగ్గితే కరెంటు సుమారు సగానికి పడిపోతుంది. కంప్రెసర్ గాలి అయితే పట్టించుకోని ప్లాంట్లలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుంది. మీటర్లు పెట్టించి, ఆ లెక్కలు షిఫ్ట్‌లో పనిచేసేవాళ్లకి కనబడేలా పెట్టు, సగం లీకులు వాళ్లే పట్టేస్తారు.

తొందర ఎందుకంటే, మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌లో చెప్పుకోదగ్గ భాగం వందల ఏళ్లు గాల్లోనే ఉండిపోతుంది, ఏటికేడు పేరుకుంటూ పోతుంది. ఈ ఏడాది ఆపిన టన్నూ 2049లో ఆపిన టన్నూ లెక్కల పుస్తకంలో ఒకటే కావచ్చు, భూమికి మాత్రం ఒకటి కాదు.

ఇక డబ్బు. పర్యావరణ విభాగం అని ఒకటి పెట్టి ఈ బాధ్యతంతా వాళ్ల నెత్తిన వెయ్యకు, కొనుగోళ్ల మీద వాళ్ల మాట చెల్లదు. ఫైనాన్స్ హెడ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ప్రతి ప్రతిపాదనలోనూ టన్ను కార్బన్‌కి ఇంత అని ఖర్చు రాయాల్సిందే అని నియమం పెట్టు. మైక్రోసాఫ్ట్ 2012 నుంచి తన విభాగాల దగ్గరే ఇలా ఫీజు వసూలు చేస్తోంది. అయినా చూడు, 2030కల్లా తాము వదిలేదానికన్నా ఎక్కువ కార్బన్ తీసేస్తామని 2020లో ప్రకటించిన ఆ కంపెనీ ఉద్గారాలు 2023 నాటికి దాదాపు 30 శాతం పెరిగాయి. పెరిగింది ఎక్కువగా డేటా సెంటర్ల నిర్మాణం వల్ల, అందులోకి వెళ్లే స్టీలు, సిమెంటు, చిప్‌ల వల్ల. కంపెనీ ఎదుగుతున్నప్పుడు దెబ్బంతా బయటి నుంచి కొనే సరుకులోనే పడుతుంది, నీకూ అంతే.

కాబట్టి సప్లయర్ల దగ్గరికి వద్దాం. వాళ్లకి పేజీలకు పేజీలు ప్రశ్నలు పంపి నింపమంటే చిన్నవాళ్లు ఏదో ఒకటి రాసి పంపేస్తారు, పొగ మాత్రం తగ్గదు. నువ్వు ఇవ్వాల్సింది ఐదారేళ్ల కాంట్రాక్ట్. ఆ కాగితం చూపిస్తే బ్యాంకు వాళ్లకి కొత్త మెషీన్‌కి అప్పు ఇస్తుంది. స్వీడన్‌లో ఎస్‌ఎస్‌ఏబీ అనే కంపెనీ బొగ్గుకు బదులు హైడ్రోజన్ వాడి చేసిన స్టీలు మొదటి విడత 2021లో వోల్వోకి ఇచ్చింది. కొత్త సరుకు మార్కెట్లోకి రావాలంటే అలా ముందుకొచ్చి తీసుకునేవాడు ఒకడుండాలి. ముందు నీ ఖర్చులో పెద్ద వాటా ఉన్న నలుగురైదుగురు సప్లయర్లతో మొదలుపెట్టు, వాళ్ల ఫ్యాక్టరీలకి నువ్వే వెళ్లు.

కార్బన్ క్రెడిట్లు, అంటే ఇంకెక్కడో తగ్గించిన కార్బన్‌ని నీ లెక్కలో రాసుకోవడానికి కొనుక్కునే పత్రాలు, అమ్మేవాళ్లు ఈపాటికే ఫోన్ చేసుంటారు. కంపెనీల కార్బన్ లక్ష్యాల్ని పరిశీలించే సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ 2021లో పెట్టిన ప్రమాణం ప్రకారం చాలా కంపెనీలు తమ ఉద్గారాల్ని 90 శాతమో అంతకన్నా ఎక్కువో నిజంగా తగ్గించాకే, మిగిలినదాన్ని గాల్లోంచి తీసెయ్యడం ద్వారా సరిచేసుకోవాలి. బాయిలర్ మార్చాల్సిన డబ్బుతో క్రెడిట్లు కొనొద్దు.

ఇంకో మాట, దీన్ని చాలామంది తప్పించుకుంటారు. మీరు చందా కడుతున్న పరిశ్రమల సంఘం ప్రభుత్వానికి ఏం రాస్తోందో తెప్పించుకుని చదువు. నువ్వు వేదికల మీద నెట్ జీరో అంటుంటే, నీ చందాతోనే వాళ్లు ఉద్గారాల నిబంధనలు వాయిదా వెయ్యమని అడుగుతుండొచ్చు. అలా అయితే మా కంపెనీ దీనికి ఒప్పుకోదని లెటర్‌హెడ్ మీద రాసి పంపు, కాపీ మంత్రిత్వ శాఖకి కూడా వెయ్. వచ్చే ఏడాదికీ వాళ్ల తీరు మారకపోతే చందా ఆపెయ్.

మీ బాబాయ్