చేతి తిమ్మిర్లు: కీబోర్డు మారిస్తే తగ్గుతాయా?

ప్రశ్న: నా వయసు 36. రుషికొండలో ఐటీ ఉద్యోగం. కొన్ని రోజులు గాజువాక నుంచి స్కూటీ మీద ఆఫీసుకు వెళ్తాను, మిగతా రోజులు ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే ల్యాప్‌టాప్. రెండు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే గానీ తగ్గడం లేదు. రెండు ముక్కలుగా ఉండే ఎర్గోనామిక్ కీబోర్డు కొనమంటున్నారు. చాలా ఖరీదు. కొనమంటారా?
- ఒక సోదరి, గాజువాక

జవాబు: ఇప్పుడే కొనకండి. రాత్రి చెయ్యి విదిలిస్తే తగ్గుతోందన్నారు చూడండి, అదే అసలు ఆధారం. మీరు చెప్పిన మూడు వేళ్లకూ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శనిచ్చేది మీడియన్ నాడి. మణికట్టులోని ఇరుకు దారిలో అది నొక్కుకుపోతే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటాం. మీ లక్షణాలు దానికే దగ్గరగా ఉన్నాయి. నిద్రలో మణికట్టు మడిచి పడుకుంటాం కాబట్టి రాత్రిళ్లు బాధ ఎక్కువ. చిటికెనవేలు కూడా మొద్దుబారుతుంటే మాత్రం మోచేయి, మెడ చూపించుకోవాలి.

ఇది టైపింగ్ వల్లే వస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, అందుకు గట్టి రుజువులు లేవు. షుగరు, థైరాయిడ్ లోపం, అధిక బరువు, గర్భం లాంటి కారణాలు ఉండొచ్చు. ముందు షుగరు, థైరాయిడ్ సంగతి తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్షలు చేయించుకోండి. మణికట్టును తిన్నగా ఉంచే, లోపల గట్టి పట్టీ ఉన్న స్ప్లింట్ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. రాత్రి పడుకునేటప్పుడు 6 వారాలు కట్టుకోండి. సాగే క్రేప్ బ్యాండేజీ దీనికి పనికిరాదు. బీ కాంప్లెక్స్ మాత్రలు మింగుతూ నెలలు గడిపేసేవాళ్లను చూస్తుంటాను, దయచేసి ఆ పని చేయకండి.

స్కూటీ సంగతీ ఆలోచించండి. గాజువాక నుంచి రుషికొండ అంటే ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకు. అంతసేపూ కుడిచెయ్యి యాక్సిలరేటర్‌ను బిగించి పట్టుకునే ఉంటుంది, మణికట్టు వెనక్కి వంగుతుంది, పైగా కుదుపులు. ఈ 6 వారాలూ బస్సులో వెళ్లగలిగితే మంచిది.

ఇక ఇంట్లో బల్ల. డైనింగ్ టేబుల్ సాధారణంగా టైపింగ్‌కు ఎత్తు ఎక్కువ. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల మీద పెట్టి, మామూలు కీబోర్డు, మౌస్ విడిగా తగిలించండి. మోచేయి ఎత్తుకు కీబోర్డు వచ్చేలా కుర్చీలో దిండు వేసుకోండి, పాదాలు అందకపోతే కింద పీట. కీబోర్డు వెనక ఉండే రెండు చిన్న కాళ్లు మడిచేయండి, అవి లేపి ఉంటే మణికట్టు పైకి వంగుతుంది. నంబర్ ప్యాడ్ లేని కీబోర్డయితే మౌస్ దగ్గరికొస్తుంది, చెయ్యి పక్కకు చాచక్కర్లేదు. కీబోర్డు ముందు పెట్టుకునే మెత్తటి రెస్ట్ వాడితే టైపింగ్ ఆపినప్పుడు అరచేతి కింది మందపాటి భాగం మాత్రమే ఆనించండి, మణికట్టు ఆనిస్తే నాడి మీదే ఒత్తిడి పడుతుంది.

రెండు ముక్కల కీబోర్డు చేసే మేలు ఒకటుంది. మణికట్లు చిటికెనవేలి వైపు ఒరగకుండా, చేతులు భుజాల వెడల్పున తిన్నగా ఉంటాయి. కొందరికి హాయిగా ఉంటుంది. అలవాటయ్యేదాకా వేగం తగ్గుతుంది. పైవన్నీ చేశాక కూడా మనసు దాని మీదే ఉంటే, ఆఫీసులో ఎవరిదైనా కొన్నాళ్లు వాడి చూసి, వాపసు తీసుకునే చోట కొనండి.

6 వారాలకూ తగ్గకపోతే న్యూరాలజిస్టును కలవండి, నాడిలో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేస్తారు. అవసరాన్ని బట్టి మణికట్టులో ఇంజెక్షన్ లేదా చిన్న ఆపరేషన్ సూచిస్తారు. పగలు కూడా తిమ్మిరి వదలకపోయినా, చేతిలోని గ్లాసు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లోని కండ పలచబడినా 6 వారాలు ఆగొద్దు, వెంటనే వెళ్లండి. కరిగిపోయిన కండ ఒక్కోసారి తిరిగి రాదు.