సినిమావాళ్లే సినిమావాళ్ల మీద తీసిన కామెడీలు అంత బాగా ఎందుకు పేలతాయి?

చురక వేసేది లోపలివాళ్లు కాబట్టి. 1999లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘బోఫింగర్’ చూడండి. కథ రాసి, హీరోగా చేసింది స్టీవ్ మార్టినే. చేతిలో 2,184 డాలర్లున్న ఓ నిర్మాత, స్టార్ ఎలాగూ ఒప్పుకోడని తేలిపోయాక, అతనికి తెలియకుండానే దొంగచాటుగా షూటింగ్ కానిచ్చేస్తాడు. ఎడ్డీ మర్ఫీ చేసిన ఆ స్టార్‌కి అసలే అనుమానం జబ్బు. ఎవరో వెంటపడుతున్నారని అతను హడలి చస్తుంటే, కెమెరాకి అదే అద్భుత నటన! ఇక డూప్‌ని రద్దీ హైవే మీద పరుగెత్తిస్తూ, ఆ కార్లు నడిపేదంతా స్టంట్ డ్రైవర్లేనని నమ్మిస్తారు. నా లెక్కలో అన్నిటికన్నా పదునైన సీను అదే. చిన్న ఆర్టిస్టు ప్రాణానికి దక్కే విలువ అంతే మరి. మలయాళంలో శ్రీనివాసన్ రాసిన ‘ఉదయనాను తారం’ (2005) క్లైమాక్స్‌లోనూ ఇలాంటి దొంగ షూటింగే. అందులో స్నేహితుడి కథ కొట్టేసి స్టారైపోయే వేషం ఆయనే వేశారు.