బ్యాటరీని నిందించే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

చీకటి పడగానే ఇల్లులా వాడుకునే మోటార్‌హోమ్‌లో దీపాలు మసకబారుతున్నాయనీ, నీళ్ల పంపు వేస్తే అవి దాదాపు ఆరిపోతున్నాయనీ, అందుకని బ్యాటరీ మార్చేద్దామనుకుంటున్నావనీ నీవు రాసిన ఉత్తరం అందింది. దయచేసి ఒక్క పూట ఆగు. ఇవే లక్షణాలు చూసి నేను ఒకప్పుడు బ్యాటరీ మార్చాను, నెల తిరగకముందే మళ్లీ మార్చాను. చివరికి దోషం ఎక్కడ దొరికిందంటే, మైనస్ తీగను బండి కింది లోహపు చట్రమైన చాసిస్‌కు బిగించిన బోల్టు దగ్గర. ఎవరో దాన్ని రంగు గీకకుండా రంగు మీదే బిగించారు, దాని చుట్టూ తుప్పు పట్టింది. విప్పి, ఇసుక కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించడానికి పావుగంట పట్టింది.

ముందుగా బండిలోని విద్యుత్తును వేర్వేరు శాఖలుగా ఊహించుకో. ఇంజన్‌ను తిప్పే బ్యాటరీ ఒకటి. దీపాలు, పంపు, ఫ్యాన్ల వంటి 12 వోల్టుల పరికరాలను నడిపే ఇంటి బ్యాటరీ మరొకటి. బయటి ప్లగ్గు నుంచో జనరేటర్ నుంచో వచ్చే, ఇళ్లలో వాడే రకం ఏసీ కరెంటు మూడోది. ఏసీని బ్యాటరీ రకం కరెంటైన డీసీగా మార్చి ఇంటి బ్యాటరీని నింపే ఛార్జర్, డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్ ఈ శాఖల మధ్య వంతెనలు. ఏది పనిచేయడం లేదో, ఏది పనిచేస్తోందో రెండూ కాగితం మీద రాస్తే, దోషం ఏ శాఖలో ఉందో సగం తేలిపోతుంది. నీ విషయంలో బయటి ప్లగ్గు పెట్టినప్పుడు కూడా దీపాలు మసకగానే ఉంటున్నాయా లేదా అన్నది నీవు రాయలేదు. అదే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న.

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఒకటి కొనుక్కో, ఖరీదైనది అక్కరలేదు. ఛార్జింగ్ ఆపి, లోడు (అంటే కరెంటు లాగే పరికరం) ఏమీ లేకుండా కొన్ని గంటలు వదిలేసి, బ్యాటరీ టెర్మినళ్ల మీద కొలువు. ఛార్జింగ్ ఆపిన వెంటనే కొలిస్తే పైపైన నిలిచిన వోల్టేజీ నిన్ను మోసం చేస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.6 నుంచి 12.7 వోల్టులు, సగం ఉంటే 12.2 దగ్గర, 12.0కు దిగితే పావు వంతే మిగిలినట్టు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ లెక్క వర్తించదు. దాని వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకే తీరులో ఉండి, ఆఖరున ఒక్కసారిగా కూలుతుంది కనుక, దానికి ఎంత కరెంటు ఎంతసేపు పారిందో చెప్పే ఆంపియర్ గంటలను లెక్కించే మానిటర్ కావాలి.

అసలు పరీక్ష లోడు మీద చేయాలి. పంపు నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, పంపు తీగల దగ్గర ఒకసారి కొలువు. ఉదాహరణకు బ్యాటరీ దగ్గర 12.3, పంపు దగ్గర 10.4 వచ్చాయనుకో. బ్యాటరీ బాగానే ఉంది, దారిలో 1.9 వోల్టులు పోతున్నాయి. ఇప్పుడు పంపు ఆపకుండానే మీటరు ఒక మొనను బ్యాటరీ మైనస్ మీద, రెండో మొనను పంపు మైనస్ తీగ మీద పెట్టు. 1.6 కనిపిస్తే దోషం ఎర్త్ వైపున, అంటే మైనస్ దారిలో ఉన్నట్టు, మిగిలిన 0.3 ప్లస్ వైపున పోతున్నట్టు. అలా దారిని ముక్కలు చేసుకుంటూ వెళితే, ఒక బోల్టు దగ్గరో, ఫ్యూజు హోల్డర్ దగ్గరో, వేడెక్కి రంగు మారిన కనెక్టర్ దగ్గరో అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. అలా కాక బ్యాటరీ టెర్మినళ్ల మీదే వోల్టేజీ 11కు జారిపోతే, అది నిండుగా ఉన్నప్పుడు కూడా అలాగే జారితే, అప్పుడు బ్యాటరీని నిందించు.

ఫ్యూజులను కంటితో చూసి వదిలేయకు. రెండు కాళ్ల మీదా వోల్టేజీ వస్తోందో లేదో మీటరుతో చూడు. కాలిన ఫ్యూజు స్థానంలో అంతకన్నా పెద్దది వేయడం మాత్రం ఎప్పటికీ చేయకు. ఫ్యూజు తీగను కాపాడడానికే ఉంది, పెద్దది వేస్తే కాలేది తీగే.

బ్యాటరీ నిండడం లేదనిపిస్తే, బయటి ప్లగ్గు పెట్టి టెర్మినళ్లు కొలువు. ఛార్జర్ పనిచేస్తుంటే సుమారు 13.2కు పైగా, కొన్ని దశల్లో 14.4 దాకా కనిపించాలి. అంకె కదలకపోతే ఛార్జర్‌కు వెళ్లే బ్రేకరును, బ్యాటరీకి వచ్చే ఫ్యూజును, బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్చును చూడు. ఆ స్విచ్చు తెలియక ఆఫ్‌లో ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది కానీ నా బండిలోనూ. ఇంజన్ నడిపినప్పుడు మాత్రమే నిండకపోతే, రెండు బ్యాటరీలను కలిపే రిలేను (కరెంటుతో పనిచేసే స్విచ్చును) అనుమానించు.

బండి ఆగి ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంటే, గ్యాస్ డిటెక్టర్, రేడియో, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు నిత్యం కొంత లాగుతూనే ఉంటాయని గుర్తుంచుకో. అర ఆంపియర్ లాగితే రోజుకు 12 ఆంపియర్ గంటలు. 100 ఆంపియర్ గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కనుక నాలుగు రోజులకే అది అలసిపోతుంది. ఇన్వర్టర్ మరీ పెద్ద తిండిపోతు. 1000 వాట్ల కెటిల్ పెడితే 12 వోల్టుల వైపు 90 ఆంపియర్లకు పైగా పారుతుంది. సన్నని తీగలూ, లూజు బిగింపులూ అంత ప్రవాహాన్ని భరించలేవు, బ్యాటరీ నిండుగా ఉన్నా ఇన్వర్టర్ తక్కువ వోల్టేజీ అలారం మోగించి ఆగిపోతుంది.

పని మొదలుపెట్టేముందు ఉంగరం, గడియారం తీసేయి. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్‌ను ముందు తీయి, బిగించేటప్పుడు చివర పెట్టు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, అక్కడ నిప్పురవ్వ రాకూడదు. మీటరు తీగ ఆంపియర్ల రంధ్రంలో ఉండగా టెర్మినళ్లను తాకితే షార్టే. బండి తలుపు ముట్టుకుంటే జిల్లుమన్నా, ఏసీ వైపు ఏ సందేహం వచ్చినా, వెంటనే బయటి సరఫరాను దాని మూలం దగ్గరే ఆపించి, ఎవరినీ బండిని తాకనీయకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలువు. అది మనం చేతులు పెట్టే చోటు కాదు.

లోడు లేకుండా కొన్ని గంటలు వదిలేశాక వచ్చిన వోల్టేజీ, పంపు నడిచేటప్పుడు బ్యాటరీ దగ్గరా పంపు దగ్గరా వచ్చిన అంకెలు, ప్లగ్గు పెట్టినప్పటి అంకె, ఈ నాలుగూ రాసి పంపు. అంతవరకు కొత్త బ్యాటరీ కొనకు.

ఇట్లు,
నీ పెదనాన్న