ఎల్డెన్ రింగ్: తొలి అడుగుల్లో ఎదురయ్యే సందేహాలు

2022 ఫిబ్రవరి 25న విడుదలైన ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌ను ఇప్పుడు మొదటిసారి ఆడుతున్న పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాను. కథలోని మలుపులు ముందే బయటపడకుండా, ఆట ఆరంభ దశకు సంబంధించిన విషయాలకే పరిమితమయ్యాను.

ప్రశ్న: బయటి ప్రపంచంలోకి అడుగుపెట్టగానే గుర్రం మీద బంగారు కవచంతో తిరిగే యోధుడు నన్ను రెండు దెబ్బల్లో చంపేస్తున్నాడు. అక్కడి నుంచి ముందుకు కదలలేకపోతున్నాను. నేను ఆస్ట్రాలజర్ (మంత్రాలతో పోరాడే పాత్ర) క్లాస్ తీసుకున్నాను. ఎంపికలోనే పొరపాటు జరిగిందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఎంపికలో పొరపాటేమీ లేదు. ఆ యోధుడి పేరు ట్రీ సెంటినెల్. అతన్ని ఓడించకుండానే కథ ముందుకు సాగుతుంది. ఆట మొదట్లోనే అంతటి బలవంతుణ్ణి దారిలో నిలబెట్టడంలోని ఉద్దేశం, ఎదురైన ప్రతి శత్రువుతోనూ పోరాడి తీరాలన్న అలవాటును మనచేత మాన్పించడమేనని నా అభిప్రాయం. అతని కంట పడకుండా పక్కనున్న చెట్ల మాటు నుంచి చర్చ్ ఆఫ్ ఎలే చేరుకోండి. అక్కడ కాలే అనే వర్తకుడి దగ్గర 300 రూన్లకు (ఆటలో డబ్బుగానూ, లెవెల్ పెంచుకోవడానికీ వాడేవి) దొరికే, వస్తువులు తయారుచేసుకునే క్రాఫ్టింగ్ కిట్ కొనుక్కొని, ఉత్తరంగా గేట్‌ఫ్రంట్ శిథిలాల వైపు సాగండి. అక్కడి గ్రేస్ అనే విశ్రాంతి స్థలం దగ్గర విశ్రమించినప్పుడు మెలీనా అనే యువతి కనిపిస్తుంది. లెవెల్ పెంచుకునే అవకాశమూ, టొరెంట్ అనే గుర్రమూ మీకు ఆమె ద్వారానే లభిస్తాయి కాబట్టి, ఈ పని పూర్తయ్యేదాకా పెద్ద పోరాటాల జోలికి వెళ్లకపోవడమే మంచిది. లిమ్‌గ్రేవ్ అనే ఈ ఆరంభ ప్రాంతంలోని పశ్చిమ భాగపు మ్యాప్ కూడా అక్కడే, దారి పక్కనున్న రాతి స్తంభం దగ్గర దొరుకుతుంది.

క్లాస్ విషయానికొస్తే, ఆటలో ఉన్న పదింటిలో మీరు ఏది తీసుకున్నా అది ఆరంభంలోని గుణాలను, ఆయుధాలను మాత్రమే నిర్ణయిస్తుంది. తర్వాత మీ పాత్రను ఏ దిశలోనైనా పెంచుకోవచ్చు. దూరం నుంచి మంత్రాలతో కొట్టగలగడం ఆస్ట్రాలజర్‌కు గొప్ప సౌకర్యం, తక్కువ హెల్త్‌తో మొదలవడం దాని బలహీనత. డాలు పట్టుకొని నిదానంగా నేర్చుకోవాలనుకునేవారికి వాగాబాండ్‌ను, కత్తితో పాటు విల్లు కూడా కావాలనుకునేవారికి సమురాయ్‌ను సూచిస్తాను. ఒంటి మీద కవచం లేకుండా, చేతిలో దుడ్డుకర్రతో లెవెల్ 1 దగ్గర మొదలయ్యే రెచ్ మాత్రం మొదటిసారి ఆడేవారికి తగినది కాదు.

మరొక్క మాట. ఆట మొదలైన కాసేపటికి, కుర్చీలో కూర్చున్న ఒక ఆత్మ ఎదురుగా ఉన్న గోతిలోకి దూకమని చెబుతుంది. చాలామంది భయపడి దూకకుండా వెళ్లిపోతారు. నిజానికి ఆట పాఠాలన్నీ నేర్పే గుహ ఆ కిందే ఉంది.

ప్రశ్న: వచ్చిన రూన్లన్నీ స్ట్రెంత్ (బలం) అనే గుణం మీదే పెడుతున్నాను. అయినా స్టార్మ్‌వెయిల్ కోట ముందు మార్గిట్ అనే శత్రువు చేతిలో చిటికెలో చనిపోతున్నాను, నా దెబ్బలు అతనికి తగిలినట్టే లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కొత్తవారిలో ఎక్కువ మంది ఎదుర్కొనే ఇబ్బంది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఆరంభ దశలో దెబ్బ బలం పెరిగేది ప్రధానంగా మీ లెవెల్ వల్ల కాదు, ఆయుధాన్ని మెరుగుపరచడం వల్ల. చర్చ్ ఆఫ్ ఎలేలో ఉన్న కమ్మరి బల్ల మీద స్మితింగ్ స్టోన్లతో ఏ మామూలు ఆయుధాన్నైనా +3 వరకు తీసుకెళ్లవచ్చు. అందుకు మొదటి రకం రాళ్లు వరుసగా 2, 4, 6 చొప్పున మొత్తం 12 కావాలి. అఘీల్ సరస్సుకు ఉత్తరాన ఉన్న లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ అనే గనిలో గోడలను పరిశీలిస్తూ తిరిగితే ఈ రాళ్లు దొరుకుతాయి. నాలుగైదు ఆయుధాల మీద పంచిపెట్టకుండా, మీ చేతికి నప్పిన ఒక్క ఆయుధం మీదే వీటిని ఖర్చు చేయండి.

ఇక లెవెళ్లలో మొదటి ప్రాధాన్యం విగర్‌కు ఇవ్వండి, ఎందుకంటే మీ హెల్త్ దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆయుధం వాడటానికి కావలసిన కనీస గుణాలు సమకూరాక, మార్గిట్‌ను ఎదుర్కొనే లోపు విగర్‌ను 20 దాకా చేర్చడం నా దృష్టిలో అత్యవసరం. ఒక దెబ్బ ఎక్కువ తట్టుకోగలిగితే ఆ శత్రువు కదలికలను చదవడానికి అంత సమయం చిక్కుతుంది. మోస్తున్న బరువును కూడా గమనించండి. మీ సామర్థ్యంలో 70 శాతం దాటితే దొర్లడం మందగించి, సరైన క్షణంలో మీట నొక్కినా తప్పించుకోవడం కష్టమవుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, మార్గిట్‌ను కొంతకాలం వదిలేసి దక్షిణాన వంతెన దాటి వీపింగ్ పెనిన్సులాకు వెళ్లండి. అక్కడి శత్రువులు మీ స్థాయికి తగ్గవారు. అక్కడి మూడు చర్చిల్లో ఒక్కొక్క సేక్రెడ్ టియర్ ఉంటుంది, వాటితో మీ ఫ్లాస్క్ (హెల్త్ నింపే సీసా) గుక్కకు నయం చేసే హెల్త్ పెరుగుతుంది. బంగారు కాంతితో మెరిసే చిన్న చెట్ల మొదట్లో దొరికే గోల్డెన్ సీడ్లతో ఫ్లాస్కుల సంఖ్య పెరుగుతుంది. గుర్రం వచ్చాక చర్చ్ ఆఫ్ ఎలేకు రాత్రివేళ తిరిగి వెళితే, ఒక మంత్రగత్తె మీకు ఆత్మలను పిలిచే గంటతో పాటు తోడేళ్ల ఆత్మలను ఇస్తుంది. ఆ మూడు తోడేళ్లు మార్గిట్ దృష్టిని మళ్లించడంలో ఎంతో సాయపడతాయి.

పోరాటంలో అతను కర్ర పైకెత్తి కాసేపు ఆగుతాడు. మనలను తొందరపెట్టి ముందే దొర్లేలా చేసే ఎత్తు అది. కర్ర ఎత్తినప్పుడు కాక, దిగుతున్నప్పుడు దొర్లండి. ఇంతకాలం స్ట్రెంత్ మీద పెట్టిన రూన్ల గురించి చింతించకండి, లియూర్నియా ప్రాంతంలోని అకాడమీలో రెన్నాలా అనే శత్రువును ఓడించాక లార్వల్ టియర్ అనే వస్తువు ఇచ్చి గుణాలన్నిటినీ తిరిగి పంచుకోవచ్చు.

ప్రశ్న: సరస్సు పక్కన శిథిలాల్లో ఒక పెట్టె తెరిస్తే పొగ కమ్మి, ఎక్కడో గనిలో తేలాను. మ్యాప్ నుంచి వెనక్కి రానివ్వడం లేదు. ఆట మళ్లీ మొదలుపెట్టాలా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అవసరం లేదు. మీరు కేలిడ్ అనే మరో ప్రాంతంలోని సెలియా క్రిస్టల్ టన్నెల్‌లో ఉన్నారు. గని లోపల ఉన్నంతసేపు మ్యాప్ ప్రయాణం పనిచేయదు. ఎవరితోనూ తలపడకుండా, వంగి నడుస్తూ గని ముఖద్వారం దాకా చేరుకోండి. బయట కాలు పెట్టిన క్షణం నుంచి మ్యాప్‌లో లిమ్‌గ్రేవ్ గ్రేస్‌ను ఎంచుకొని వెళ్లిపోవచ్చు. దారిలో చనిపోయి రూన్లు పోయినా వాటి కోసం ఆగకండి. సంచిలో ఉన్న గోల్డెన్ రూన్ అనే వస్తువులు మాత్రం మరణంతో పోవు కాబట్టి, లెవెల్‌కు కొద్దిగా తక్కువ పడినప్పుడే వాటిని వాడటం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు. భోజనానికి పిలిస్తే ఈ ఆటలో పాజ్ లేదంటాడు. నిజమేనా? అపరిచితులతో మాట్లాడే వీలుందేమోనని కూడా భయంగా ఉంది.
– ఒక తల్లి, నెల్లూరు

జవాబు: పాజ్ మీట లేదన్న మాట నిజమేనమ్మా. అయితే ఆట తనంతట తానే సేవ్ అవుతూ ఉంటుంది; మెనూ నుంచి బయటికి వచ్చి, తర్వాత తెరిస్తే దాదాపు అదే చోట మొదలవుతుంది. బాస్‌తో (ప్రధాన శత్రువుతో) పోరాటం మధ్యలో ఉంటే ఆ పోరాటాన్ని మాత్రం మొదటి నుంచి చేయాలి. అందువల్ల పిలవడానికి ఐదు నిమిషాల ముందు ఒక మాట చెప్పి ఉంచితే అతనికీ మీకూ ఇబ్బంది ఉండదు. ఆటగాళ్లు నేల మీద వదిలే సందేశాలను ముందే సిద్ధంగా ఉన్న పదాలతోనే కూర్చాలి కాబట్టి ఎవరూ తమకు తోచినది రాయలేరు. ఆట సెట్టింగ్స్‌లో ఆఫ్‌లైన్‌గా ఆడే ఏర్పాటు చేస్తే ఇతర ఆటగాళ్ల జాడే ఉండదు. అయితే యూరప్‌లో ఆటలకు తగిన వయసును నిర్ణయించే పెగీ సంస్థ దీనికి 16 ఏళ్ల వయోపరిమితి పెట్టింది. రక్తపాతంతో పాటు తెగిన అవయవాలను అతికించుకున్న పాత్రల వంటి భీతావహ దృశ్యాలు ఆరంభం నుంచే ఎదురవుతాయి. పన్నెండేళ్లకు ఇది తొందరే అని నేను అనుకుంటాను. నిర్ణయించే ముందు ఒక సాయంత్రం అతని పక్కన కూర్చొని స్టార్మ్‌వెయిల్ కోట భాగాన్ని స్వయంగా చూడండి.