పావు ఇంటికి మూడున్నర లక్షలా?

ప్రశ్న: జడ్చర్లలో మందుల దుకాణంలో పనిచేస్తాను. ఇంటి కిరాయి నెలకు 5,500. ఇక్కడికి 22 కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో రెండు గదుల ఇల్లు మూడున్నర లక్షలకే వస్తోంది. కట్టుకున్న ఆయన చనిపోయాడు, పెద్దకొడుకు అమ్ముతున్నాడు. తమ్ముడు పుణెలో మేస్త్రీ పని చేస్తాడు, చెల్లెలిని కల్వకుర్తిలో ఇచ్చారు. తల్లి ఆ ఇంట్లోనే ఉంటుంది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, 100 రూపాయల స్టాంప్ కాగితం మీద నోటరీ చేయిస్తే పంచాయతీలో ఇంటి నంబర్ నా పేరు మీదికి మారుతుందంటున్నారు. 50 వేలు బయానా ఇచ్చాను. లక్ష చేతిలో ఉంది. మిగతా రెండు లక్షలు నూటికి రెండు చొప్పున మిత్తికి తేవాలి. కిరాయి తప్పుతుంది కదా, కొనవచ్చా?

జవాబు: ముందు మీ లెక్కే చూద్దాం. రెండు లక్షలకు నెలకు నాలుగు వేలు మిత్తి. అసలు అలాగే ఉంటుంది. కిరాయిలో మిగిలేది పదిహేను వందలు. రోజూ పోనూరానూ 44 కిలోమీటర్లు బండి మీద తిరిగితే అది పెట్రోలుకే చాలదు. బ్యాంకులో తక్కువ వడ్డీకి తెచ్చుకుందామన్నా, నోటరీ కాగితం చూసి ఏ బ్యాంకూ ఇంటి లోను ఇవ్వదు.

ఇక ఆ కాగితం సంగతి. 100 రూపాయలు, అంతకుమించి విలువైన ఇల్లో జాగో అమ్మితే రిజిస్టరు దస్తావేజు ఉండాల్సిందేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. ఆ రోజుల్లో వంద రూపాయలంటే ఆస్తి. ఇవాళ అది మీ స్టాంప్ కాగితం ఖరీదు. నోటరీ ముద్రతో హక్కు మారదు. జీపీఏ (తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రం), అగ్రిమెంట్ కాగితాలతో ఇల్లు చేతులు మారినట్టు కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. పంచాయతీలో మీ పేరెక్కినా అది పన్ను వసూలు కోసమే. మా ఆఫీసుకు ఇంటి పన్ను రసీదుల కట్ట పట్టుకుని వచ్చేవాళ్లు ఎందరో. దారంతో కట్టి, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకుంటారు పాపం. అవి సాక్ష్యానికి కొంత పనికొస్తాయి, దస్తావేజు మాత్రం కావు.

అసలు చిక్కు కాగితం కన్నా మనుషులది. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన కట్టుకున్న ఇంట్లో హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికి, ఇద్దరు కొడుకులకు, కూతురికి సమాన వాటా. అంటే పెద్దకొడుకు అమ్మగలిగేది పావు వంతు. మూడున్నర లక్షలు పెట్టి మీరు కొంటున్నది ఆ పావే. ఆ లెక్కన ఇల్లంతా 14 లక్షలు పడినట్టు! చౌక ఎక్కడుంది?

‘చెల్లెలికి పెళ్లప్పుడే కట్నం ఇచ్చేశాం’ అని వాళ్లు మీతో అనే ఉంటారు. కట్నం ఇస్తే వాటా పోదు. ఇల్లు తాతల నాటిదైతే వాటాల లెక్క కాస్త మారుతుంది, ఆడపిల్ల వాటా మాత్రం అప్పుడూ ఉంటుంది. ఆమె వదులుకోదలిస్తే హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయించాలి. నోటిమాట చాలదు.

‘పోనీ, పావే కొని ఒక గదిలో ఉంటాను’ అంటారా? అదీ కుదరదు. ఉమ్మడి కుటుంబం ఉండే ఇంట్లో ఒకరి వాటా బయటివాళ్లు కొంటే, ఆ ఇంట్లో వాళ్లతో కలిసి కాపురం పెట్టే హక్కు రాదు. ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ సారాంశం అది. పంపకం కోసం మీరు దావా వేస్తే, కోర్టు కట్టిన విలువకు మీ వాటాను తామే కొంటామని పాలోళ్లు అడగవచ్చు. 1893 నాటి పంపకాల చట్టం 4వ సెక్షన్ వాళ్లకు ఆ వీలిచ్చింది. ఏళ్ల తరబడి తిరిగి, చివరికి డబ్బు తీసుకుని మీరే బయటికి రావాలి. అందాకా కిరాయి తప్పదు.

ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్, తీస్తే ఏమీ లేదని వచ్చిందని ధైర్యపడకండి. ఊరి మధ్య గ్రామకంఠంలో, అంటే మొదటినుంచీ ఇళ్లకు వదిలిన జాగాలో, ఉన్న పాత ఇళ్లు చాలావాటికి రిజిస్ట్రేషనే జరిగి ఉండదు; ఈసీలో ఖాళీ కాకుండా ఇంకేం వస్తుంది? ఆ ఇల్లు ప్రభుత్వం పేదలకిచ్చిన స్థలంలో ఉంటే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా వదిలేయండి.

ఇల్లు నచ్చి, కొనాలనే ఉంటే తొందర వద్దు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెమ్మనండి. పుణె తమ్ముడు దసరాకు రాకపోడు. నలుగురినీ ఒకే రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పిలిచి దస్తావేజు మీద సంతకాలు పెట్టించండి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం లెక్కన 26,250 రూపాయలు ఖర్చవుతుంది. ప్రభుత్వ విలువ మూడున్నర లక్షలు దాటితే దాని మీద కట్టాలి. చెల్లెలు తన భాగం డబ్బు అడిగితే ధర పెరుగుతుంది. అప్పుడు పైన వేసిన మిత్తి లెక్క మళ్లీ వేసుకోండి. తల్లి ఎక్కడికి పోతుందో ఆమెనే అడగండి, కొడుకును కాదు.

బయానా చేతికే ఇచ్చారా? ఇల్లు అమ్మేటప్పుడు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. జరిమానా తీసుకున్నవాడికి పడుతుంది. మీకు పడే దెబ్బ వేరు, రుజువు ఉండదు. ఈ వారంలోనే వెళ్లి, ఏ తేదీన ఎంత ముట్టిందో, అందరి సంతకాలు కాకపోతే వాపసు ఇస్తానని ఇద్దరు సాక్షులతో రాయించుకోండి. మిగతా లక్ష మాత్రం జేబులోంచి తీయకండి.