గెల వేరు, నూనె వేరు

కాకినాడ

చిరంజీవికి,

నీ కథ అంది పన్నెండు రోజులైంది. మొదటిసారి చదువుతూ పదకొండో పేజీ దగ్గర ఆపేసి, కాగితాలు బల్ల మీద పడేసి వరండాలోకి వెళ్ళిపోయాను. "ఎవరిమీద కోపం?" అంది మా ఆవిడ. చెప్పలేదు. నువ్వు అంటున్నానని ఏమనుకోకు. ఉత్తరంలో నీ వయసు రాశావు, మా పెద్ద మనవరాలి కంటే రెండేళ్ళు చిన్నవాడివి.

పదకొండో పేజీ నీకు గుర్తు చేస్తాను. చింతలపూడి దగ్గర ఆయిల్ పామ్ రైతు. గెలల ధర పడిపోయి, అప్పులవాళ్ళకి మొహం చూపించలేక తోటలోనే పడుకుంటున్నాడు. ఓ తెల్లవారుజామున టీవీలో వార్త వస్తుంది: మలేసియా నూనె మీద కేంద్రం సేఫ్‌గార్డ్ డ్యూటీ వేసింది. ఊళ్ళో టపాకాయలు. రైతు భార్య బెల్లంముక్క పంచుతుంది. మలేసియా వ్యాపారి కుట్ర కూలిపోతుంది.

ఆ టపాకాయలు ఎవరు కాల్చాలి నాయనా?

నువ్వు చెప్పిన డ్యూటీ, అంటే దిగుమతి మీద అదనపు సుంకం, నిజంగానే పడింది, 2019 సెప్టెంబరు మొదటి వారంలో. పత్రికలో చూసి రాసినట్టున్నావు. కాని వార్త పైపైన చదివి వదిలేశావు. అది వేసింది మలేసియా నుంచి వచ్చే శుద్ధి చేసిన పామోలిన్, పామాయిల్ మీద. అయిదు శాతం, 180 రోజులకి. ముడినూనె, అంటే శుద్ధి చెయ్యని పామాయిల్ మీద కాదు. అర్జీ పెట్టింది నూనె కంపెనీల సంఘం, సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్టర్స్ అసోసియేషన్. నష్టం జరిగిందని లెక్కలు చూపించింది నూనె శుద్ధి చేసే మిల్లులు. ఆ ఏడు జనవరి నుంచి మలేసియాతో ఒప్పందం ప్రకారం శుద్ధి నూనె మీద సుంకం 54 నుంచి 45కి దిగింది, ముడినూనె మీద 44 నుంచి 40కి. రెంటికీ మధ్య తేడా అయిదే మిగిలింది. అంత తేడాకి ఇక్కడ శుద్ధి చెయ్యడం గిట్టదు, శుద్ధి చేసిందే తెచ్చుకోవడం మేలు. మిల్లులు గగ్గోలు పెట్టాయి, 45ని 50 చేశారు. జరిగింది అంతే. ముడినూనె ఎప్పటిలాగే ఓడ దిగుతూనే ఉంది. నీ రైతు గెల పోటీ పడేది ఆ ముడినూనెతో. మరి ఆ రోజు బెల్లం పంచాల్సింది మా ఊరి రిఫైనరీ గేటు దగ్గర కదా, చింతలపూడిలో కాదు కదా!

ఇది చిన్న పొరపాటని నువ్వనుకోవచ్చు. నాకు అలా అనిపించదు. నలభై ఏళ్ళుగా ఒకటే మాట చెప్పి అందరిచేతా తిట్లు తింటున్నాను: రూలు కూడా కథలో పాత్రే. దానికీ పుట్టుక ఉంది, పట్టుదల ఉంది, ఎవరి మాట వింటుందో ఎవరి మాట వినదో ఉంది. రైతు చెప్పులు ఎలా అరిగాయో రెండు పేరాలు రాశావు. అతని బతుకుని తిప్పేసే కాగితాన్ని మాత్రం ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

తెరిచి చూస్తే నీ విలన్ కూడా ఎగిరిపోతాడు. యాంటీ డంపింగ్ డ్యూటీ అంటే అవతలివాడు తన దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకి మన దగ్గర గుమ్మరిస్తున్నాడని కేసు. కౌంటర్‌వెయిలింగ్ అంటే వాళ్ళ ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోందని కేసు. ఆ రెంటిలోనూ అవతల తప్పు చేసినవాడు ఉండాలి. సేఫ్‌గార్డ్‌లో అక్కర్లేదు. అమ్మేవాడు న్యాయంగానే అమ్ముతున్నాడు, సరుకు మాత్రం ఉన్నట్టుండి వరదలా వచ్చిపడింది, దానివల్ల ఇక్కడివాళ్ళు గట్టిగా దెబ్బతిన్నారు అని రుజువైతే చాలు. దొంగ లేని కేసు అది! ఇంతకంటే మంచి సరుకు కథకుడికి ఎక్కడ దొరుకుతుంది? నువ్వేమో బంగారు పళ్ళున్న మలేసియా వ్యాపారిని తెచ్చి పెట్టావు. ఈమధ్య బహుమతి కథలన్నిటిలోనూ ఇలాంటివాడు ఒకడు తప్పకుండా ఉంటున్నాడు. పోటీలకి జడ్జీగా వెళ్ళి చూశాను. ముప్ఫై కథల్లో ఇరవై కథలకి చివరి పేజీలో పురుగుమందు డబ్బా, మిగతా పదిటికి కార్పొరేట్ రాక్షసుడు. మరుసటేడు నుంచి పిలవడం మానేశారు.

నేనేదో పుట్టుకతో తెలిసినవాణ్ణని అనుకోకు. 1990లలో ఇక్కడే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేశాను. పగలు బిల్ ఆఫ్ ఎంట్రీలు, అంటే దిగుమతి సరుకుకి కస్టమ్స్‌లో ఇచ్చే కాగితాలు, టైపు కొట్టడం, రాత్రి వాటి పాడైన కాపీల వెనక కథలు రాయడం. 1994లో పామోలిన్‌ని ఓజీఎల్‌లో, అంటే విడిగా లైసెన్సు అక్కర్లేని జాబితాలో, పెట్టి ఎవరైనా తెచ్చుకోవచ్చన్నప్పుడు సుంకం 65 శాతం. 1998కి 15 శాతం. ఆ అంకెలన్నీ నా వేళ్ళ కిందనుంచే పోయాయి. అయినా నాకు తట్టలేదు. అప్పుడప్పుడే పశ్చిమ గోదావరిలో చెరుకు తీసేసి పామాయిల్ వేసిన మా బంధువుల ఇంటికి వెళ్తే, ధర లేదని వాళ్ళు తల పట్టుకుని కూర్చునేవాళ్ళు. నేను వాళ్ళని ఓదార్చి, సోమవారం పొద్దున్నే వచ్చి మళ్ళీ అదే అంకె టైపు కొట్టేవాణ్ణి. రెంటికీ సంబంధం ఉందని గ్రహించడానికి రెండేళ్ళు పట్టింది.

అప్పుడొక కథ రాశాను. టైపిస్టు కథ. తను కొట్టిన అంకె బాబాయి తోటని ఎండబెడుతోందని తెలిసిన రోజు. ఒక వారపత్రికకి పంపితే ఎడిటరు గారు ఇంటికి పిలిపించి, కాఫీ ఇచ్చి, అంకెలన్నీ తీసెయ్యమన్నారు. పాఠకులకి తలనొప్పట. బాబాయిని ఏడిపించమన్నారు. నాకప్పుడు అచ్చులో పేరు చూసుకోవాలని పిచ్చి. ఏడిపించాను. అచ్చయింది, నూట యాభై రూపాయలు మనియార్డరు వచ్చింది. నెల తిరక్కుండా కామవరపుకోట నుంచి ఒక కార్డు కూడా వచ్చింది. రాసినాయన రైతు. కథలో రైతు బాగానే ఏడ్చాడు గాని ఎందుకు ఏడ్చాడో రాసినవాడికి తెలిసినట్టు లేదని రెండు ముక్కల్లో రాశాడు. సంతకం చుట్టూ బురద వేలిముద్ర. ఆ ఎడిటరు గారి మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఆయన పోయి పదిహేనేళ్ళయింది.

సరే, నీ రైతు సంగతికి వస్తాను. కథలో అతను "మాకు నష్టం అని మేమే ఢిల్లీకి చెప్పుకుందాం" అంటాడు. జనం చప్పట్లు కొడతారు. నువ్వు అక్కడితో ఆపేశావు. ఆపకుండా అతన్ని ఢిల్లీ పంపించు. అక్కడ ఇలాంటి కేసులు విచారించే డీజీటీఆర్ ఆఫీసులో మొదట అడిగేది: నువ్వు ఏ సరుకు తయారు చేస్తావు? గెలలు. దిగుమతి అవుతున్నది? నూనె. అయితే నువ్వు ఎవరివి?

ఇది నా కల్పన అనుకోకు. 1999 జులైలో అమెరికా, ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌ల నుంచి వచ్చే గొర్రెపిల్ల మాంసం మీద మూడేళ్ళకి సేఫ్‌గార్డ్ వేసింది. దెబ్బతిన్నవాళ్ళ లెక్కలో మాంసం కోసే కంపెనీలతో పాటు గొర్రెలు పెంచేవాళ్ళనీ కలిపింది. గొర్రె నుంచి మాంసం దాకా అంతా ఒకటే దారం కదా అని వాదించింది. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) అప్పీలు బెంచి 2001లో కుదరదంది. వస్తున్నది మాంసం, కాబట్టి మాంసం తయారుచేసేవాడి నష్టమే నష్టం. గొర్రె వేరు, మాంసం వేరు. ఆ ఏడు నవంబరులో అమెరికా డ్యూటీ ఎత్తేసింది. మేత వేసి, ఈనించి, చలిలో కాపలా కాసినవాడు ఆ పరిశ్రమలో భాగం కాదని తేలింది.

ఆ లెక్కన గెల వేరు, నూనె వేరు. మన రైతు నాలుగేళ్ళు కాపు కోసం ఎదురుచూస్తాడు. ఒకసారి నాటితే పాతికేళ్ళు కదలడానికి లేదు. గెల కోశాక ఇరవై నాలుగు గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, అదీ 1993 చట్టం కింద అతని మండలానికి కేటాయించిన ఫ్యాక్టరీకే. అతనికి వచ్చే ధరని నూనె ధరకీ ఓఈఆర్‌కీ, అంటే గెలల నుంచి దిగే నూనె శాతానికీ, ముడిపెట్టి నెలనెలా లెక్కగడతారు. డబ్బు దగ్గర గెల, నూనె ఒకటే. నష్టం చెప్పుకోబోతే మాత్రం వేరు. గెల ఆడే మిల్లు కావాలంటే అర్జీ పెట్టుకోవచ్చు, రైతు దాని వెనక నిలబడొచ్చు. నీ కథ ఉన్నది సరిగ్గా ఈ సందులో. నువ్వు టపాకాయల పొగలో దాన్ని దాటిపోయావు.

ఇంకోటి. అమెరికాలో ఉన్న రైతు కొడుకు ఫోన్‌లో "డబ్ల్యూటీఓ ఒప్పుకోదు నాన్నా, మనవాళ్ళ చేతులు కట్టేశారు" అంటాడు. చదువుకున్నవాడి నోట ఇంత అబద్ధం పెట్టకు. పామాయిల్ మీద మనం డబ్ల్యూటీఓకి రాసిచ్చిన గరిష్ఠ సుంకం 300 శాతం. మూడొందలు! 2008 ఏప్రిల్‌లో ధరలు మండిపోతే ముడినూనె మీద సున్నా చేశారు. సున్నాకీ మూడొందలకీ మధ్య ఎక్కడ పెట్టుకున్నా జెనీవాలో, డబ్ల్యూటీఓ ఆఫీసులో, ఎవరినీ అడగక్కర్లేదు. చేతులు కట్టుకున్నది ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో, మలేసియాతో విడిగా చేసుకున్న ఒప్పందాల్లో. అందుకే 2019లో మామూలుగా సుంకం పెంచకుండా ఈ సేఫ్‌గార్డ్ దారి పట్టారు. సోయా నూనె అయితే గరిష్ఠం 45 శాతమే, అక్కడ అబ్బాయి డైలాగు కొంత నిలబడుతుంది. మీ రైతు చేత సోయా వేయించలేవు కదా.

జెనీవాని నిజంగా తిట్టాలనుంటే దానికి వేరే చోటుంది. 1995 నాటి వ్యవసాయ ఒప్పందంలో అయిదో అధికరణం ఉంది. ప్రత్యేక సేఫ్‌గార్డ్. నష్టం రుజువు చెయ్యక్కర్లేదు, దిగుమతి ఒక గీత దాటినా, ధర ఒక గీత కిందికి పడినా అదనపు సుంకం వెయ్యొచ్చు. ఆ హక్కు దక్కింది 39 సభ్యులకి, అందులో డబ్బున్నవాళ్ళూ ఉన్నారు. మనకి లేదు, అప్పట్లో మనం కోటాలని సుంకాలుగా మార్చుకోలేదు గనక. అలాంటిదే వర్ధమాన దేశాలన్నిటికీ కావాలని అడిగితే, ఎంత దిగుమతి పెరిగితే వెయ్యాలన్న గీత దగ్గర 2008 జులైలో తొమ్మిది రోజుల చర్చలు పెటీల్మని విరిగాయి. మన తరఫున అప్పటి వాణిజ్య మంత్రి కమల్‌నాథ్ కూర్చున్నారు. 2015లో నైరోబీలో జరిగిన డబ్ల్యూటీఓ సమావేశంలో ఆ హక్కు ఉంటుందని మళ్ళీ రాసుకున్నారు. చేతికి మాత్రం రాలేదు. ఇదంతా కథలో కుక్కమని కాదు. నీకు తెలిసి ఉంటే కొడుకు మాట్లాడే తీరు మారుతుంది.

కథని ఈ కాలానికి జరపాలనుకుంటే 2024 సెప్టెంబరు తీసుకో. ముడినూనె మీద కస్టమ్స్ సుంకం సున్నా నుంచి 20కి పెంచారు. సెస్సులతో 27.5. గెలకి ప్రాణం వచ్చింది. అప్పుడు టపాకాయలు కాలిస్తే నేను ఒప్పుకుంటాను. అది సేఫ్‌గార్డ్ కాదు, మామూలు సుంకం. ఆ పేరు మార్చకు. 2025 మే చివర్లో ఆ 20ని 10కి దించారు, సెస్సులతో 16.5. శుద్ధి నూనె మీద మాత్రం 35.75 అలాగే ఉంచారు. రెంటికీ తేడా 8.25 నుంచి 19.25 అయింది. మళ్ళీ అదే తమాషా: శుద్ధి మిల్లు నవ్వింది, గెల ఏడ్చింది. పత్రికలు మాత్రం నూనె ధరలు తగ్గుతాయని రాశాయి.

సేఫ్‌గార్డ్‌కి తెలుగు పేరు సంగతి అడిగావు. "పరిరక్షణ" ససేమిరా వద్దు. పోర్టులో హమాలీ దగ్గర్నుంచి మేనేజరు దాకా సేఫ్‌గార్డ్ డ్యూటీ అనే అంటారు, నీ పాత్రలూ అలాగే అననీ. ఉద్యోగం మానెయ్యనా అన్న దాని గురించి వేరే ఉత్తరంలో రాస్తాను.

ఆరో పేజీ ముట్టుకోకు. గెలలు ట్రాక్టరుకెక్కాక రైతు భార్య పాదుల్లో ఒంగి, రాలిన పళ్ళు ఒక్కొక్కటే ఏరి ఎరువు బస్తాలో వేసుకుంటుంది. నూనె ఎక్కువుండేది ఆ రాలిన పళ్ళలోనే అని ఆవిడకి తెలుసు, నీకూ తెలుసు, ఎక్కడా చెప్పలేదు. అది రాసినవాడే పదకొండో పేజీ ఎలా రాశాడా అని రెండోసారి చదివాను.

రాతప్రతి తిప్పి పంపుతున్నాను. మార్జిన్లలో ఎర్ర సిరా నాది. ఆరో పేజీ మీద కాఫీ మరక కూడా నాదే. ఆవిణ్ణి ఢిల్లీ తీసుకెళ్ళాలా, రైతునే పంపాలా ఆలోచించుకుని రాయి.

ఆశీస్సులతో,
మీ మాష్టారు కాని మాష్టారు